కడుపునొప్పికి వెళ్తే కొత్త జబ్బు అంటుకుంది!
ఆసుపత్రుల్లో గుర్రం నుంచి గుర్రానికి పాకే రోగాలు.. చెయ్యి, బక్కెట్టు, థర్మామీటరే వాహకాలు

బెంగళూరు: పెళ్లిళ్ల సీజను జోరుగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది. నేల మీద పొర్లుతుంది, కాళ్లతో పొట్ట తన్నుకుంటుంది, ఉలవ గుగ్గిళ్లు ముందు పెట్టినా మూతి తిప్పేస్తుంది. యజమాని అప్పోసప్పో చేసి, లారీ మాట్లాడుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్తాడు. అక్కడ ముక్కులోంచి గొట్టం వేస్తారు, మెడ నరానికి సెలైను పెడతారు. రెండు రోజుల్లో గుర్రం తేరుకుంటుంది. డాక్టరుకో దండం పెట్టి ఇంటికి తోలుకొస్తారు. మూడో రోజు నుంచి నీళ్లలా పారుడు. వారం తిరక్కుండా పక్కన కట్టేసిన గుర్రానికీ జ్వరం.

ఇలా జరిగితే దాణా పడలేదంటారు, నీళ్లు మారాయంటారు, దిష్టి తగిలిందంటారు. ఆసుపత్రిలో అంటుకుని ఉంటుందన్న అనుమానం మాత్రం చాలామందికి రాదు. వచ్చినా డాక్టరును అడగడానికి నోరు పెగలదు.

చేరేనాటికి లేని జబ్బు చేరాక అంటుకోవడం మనుషుల ఆసుపత్రుల్లో ఎంత మామూలో గుర్రాల ఆసుపత్రుల్లోనూ అంతే మామూలు. ఆపరేషను చేసిన గాయం చీము పట్టడం, సెలైను పెట్టిన మెడ నరం వాచి గట్టిపడటం, పారుడు, గొంతు వాపు.. అన్నీ ఆ కోవలోవే. వీటిలో సగానికి సగం ఖరీదైన మందులతో పని లేకుండా ఆపగలిగినవే అనిపిస్తుంది, అవి పాకే దారి తెలుసుకుంటే.

మన సరిహద్దు ఊళ్లకు ఈ సంగతి మరీ అవసరం. జట్కాలు తగ్గినా గుర్రాలు పోలేదు. మైసూరు ప్యాలెస్ దగ్గర టాంగాలున్నాయి. ఊటీ సరస్సు పక్కన, చెన్నై మెరీనాలో సవారీ గుర్రాలున్నాయి. బెంగళూరు, హోసూరు, కోలారు, బళ్లారిలో పెళ్లి ఊరేగింపులకు కిరాయికిచ్చే కుటుంబాలున్నాయి. వీళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లూ, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ తెలుగూ కన్నడమూ కలిపి బతికేవాళ్లూ ఉన్నారు. గుర్రానికి పెద్ద జబ్బు చేస్తే వాళ్లకు దిక్కు కాలేజీ ఆసుపత్రులే. బెంగళూరు హెబ్బాళ్‌లోది 1958లో పెట్టింది, చెన్నై వేపేరిలోది 1903 నాటిది. హిందూపురం నుంచి హెబ్బాళ్ వంద కిలోమీటర్ల దూరం. తిరుపతి అంతకు రెట్టింపు పైనే. కాబట్టి అటువైపు నుంచీ గుర్రాలు సరిహద్దు దాటి ఇటే వస్తాయి. ఎక్కడెక్కడి గుర్రాలో ఒకే కప్పు కిందికి చేరుతాయి. రోగాలకూ కావలసింది అదే.

పేరున్న ఆసుపత్రికే తాళం

ఇదేదో మన దగ్గరి అపరిశుభ్రత వల్ల వచ్చిన సమస్య అనుకుంటే పొరపాటు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి కెన్నెట్ స్క్వేర్‌లో న్యూ బోల్టన్ సెంటర్ అనే పెద్ద ఆసుపత్రి ఉంది. రేసులు చూసే బెంగళూరు వాళ్లకు బార్బారో పేరు గుర్తుండే ఉంటుంది. 2006లో కెంటకీ డెర్బీ గెలిచి, రెండు వారాలకే మరో రేసులో కాలు విరగ్గొట్టుకున్న గుర్రం. దానికి నెలల తరబడి వైద్యం చేసింది ఇక్కడే.

ఆ ఆసుపత్రినే అంతకు రెండేళ్ల ముందు, 2004 మేలో, సాల్మొనెల్లా అనే పేగు క్రిమి దెబ్బకు మూసేయాల్సి వచ్చింది. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగని రకం అది. మొత్తం 61 పశువులకు సోకింది. మూడో వంతుకు పైగా చనిపోయాయి. వైద్యం కోసం తెచ్చిన పశువులు వైద్యశాలలోని క్రిమితో పోయాయన్నమాట. అంతా ఖాళీ చేసి, కడిగి, మందు కొట్టి, నేలలు మళ్లీ పరిపించి తెరిచేసరికి నెలలు పట్టింది. అయిన ఖర్చు 41 లక్షల డాలర్ల పైమాటే. అప్పటి రేటులో 18 కోట్ల రూపాయల పైచిలుకు.

ఆ ఒక్కటే కాదు. పశువైద్య కళాశాలల ఆసుపత్రులు 38ని పరిశోధకులు వాకబు చేసి 2008లో ఫలితాలు ప్రకటించారు. గడిచిన అయిదేళ్లలో మా దగ్గర ఇలా రోగం పాకిందని 31 ఆసుపత్రులు ఒప్పుకున్నాయి. అంత డబ్బు, అంత సిబ్బంది ఉన్నచోటే అలా ఉంటే.. ఆవు, గేదె, గుర్రం అన్నీ ఒకే ఇనుప చట్రంలో నిలబెట్టి చూసే చిన్న ఆసుపత్రి సంగతి చెప్పాలా?

లద్దెలో దాగిన శత్రువు

సాల్మొనెల్లాతో చిక్కేమిటంటే, పైకి నిక్షేపంగా కనిపించే గుర్రం కూడా దాన్ని పేగుల్లో మోస్తూ ఉండొచ్చు. మామూలు రోజుల్లో ఏమీ కాదు. లారీ ప్రయాణం, కడుపునొప్పి, రోజులకొద్దీ మేత లేకపోవడం, ఆపరేషను, యాంటీబయాటిక్ సూదులు.. ఇవన్నీ కలిసి పేగుల్లోని మంచి క్రిములను దెబ్బతీస్తాయి. అప్పుడిది రెచ్చిపోతుంది. లద్దెలో విపరీతంగా బయటికొస్తుంది. కడుపునొప్పితో చేరిన గుర్రాల దగ్గరే ఎక్కువ జాగ్రత్త పడాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఆసుపత్రికి బయల్దేరే ముందు మెడికల్ షాపులో అడిగి రెండు రకాల యాంటీబయాటిక్స్ పొడిచేసి తీసుకెళ్లే అలవాటు మన దగ్గర ఉంది. అది గుర్రానికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

లద్దె నుంచి రెండో గుర్రం నోటికి క్రిమి ఎలా చేరుతుంది? దానికి కాళ్లు లేవు. మనమే మోసుకెళ్తాం. లద్దె ఎత్తిన చేత్తోనే గడ్డి వేస్తాం. ఈ గుర్రానికి పెట్టిన థర్మామీటరును పంచెకు తుడిచి ఆ గుర్రానికి పెడతాం. ఒకే ముక్కు గొట్టం, ఒకే నీళ్ల తొట్టి, ఒకే పార. బూట్లకు అంటుకున్నది సరేసరి.

గొంతు గ్రంథులు వాచి చీము కారే స్ట్రాంగుల్స్ అనే జబ్బుది మరో దారి. ముక్కు కారే గుర్రం మూతి పెట్టిన తొట్టిలో మరో గుర్రం మూతి పెడితే చాలు. కోలుకున్నాక కూడా కొన్ని గుర్రాల గొంతు పైభాగంలోని గాలిసంచుల్లో ఆ క్రిమి నెలల తరబడి నిలవ ఉంటుంది. పైకి ఏ లక్షణమూ ఉండదు. అయితే ఈ జబ్బులో మనకు కలిసొచ్చేదొకటుంది. ముందు జ్వరం వస్తుంది. రెండు మూడు రోజుల తర్వాత గానీ ముక్కులోంచి క్రిములు రావడం మొదలు కాదు. అంటే రోజూ పొద్దునా సాయంత్రం జ్వరం చూసి రాసిపెట్టుకుంటే, పక్క గుర్రానికి అంటక ముందే దీన్ని విడిగా కట్టేయొచ్చు. గుర్రానికి మామూలుగా 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 101.5 దాటితే జ్వరమే. ఆసుపత్రిలో ఇంతకంటే చవకైన కాపలా మరొకటి లేదు.

ఇక రక్తం దారి. మన ప్రాంతంలో జోరీగలు కుట్టి అంటించే సర్రా జబ్బు గుర్రాలవాళ్లకు కొత్త కాదు. జోరీగ చేసే పని వాడిన సూది కూడా చేస్తుంది. ఒకే సూదితో వరసగా నాలుగు గుర్రాలకు పొడిస్తే మనమే జోరీగలమవుతాం. 2006లో ఐర్లండ్‌లో గుర్రాల రక్తహీనత వైరస్ 28 గుర్రాలకు సోకింది. మూలం వైద్యమే. బయటి దేశం నుంచి తెచ్చిన ప్లాస్మాను పిల్లలకు ఎక్కిస్తే వాటికి అంటింది. అక్కణ్నుంచి ఆసుపత్రిలో పక్కన ఉన్నవాటికీ పాకింది. ఈ జబ్బుకు మందు లేదు.

మనిషికీ ముప్పే

గుర్రం సంగతి సరే, మనకేమవుతుంది అనుకునేవాళ్లు ఈ కబురు వినాలి. 2008 జులైలో ఆస్ట్రేలియా బ్రిస్బేన్ శివారులో రెడ్‌లాండ్స్ అనే చోట గుర్రాల ఆసుపత్రిలో అయిదు గుర్రాలకు హెండ్రా వైరస్ సోకింది. ఆ జబ్బంటే ఊపిరాడకపోవడం అని అప్పటిదాకా లెక్క. ఇక్కడ మాత్రం నరాల జబ్బులా కనిపించింది. దాంతో ఎవరికీ అనుమానం రాలేదు. వైద్యం చేసిన యువ డాక్టరుకు, నర్సుకు అంటుకుంది. నర్సు బతికింది, డాక్టరు ఆ ఆగస్టులో కన్నుమూశాడు. హెండ్రా మన దేశానికి రాలేదు. కానీ పేరు తెలియని రోగంతో గుర్రం వచ్చినప్పుడు ముందు గ్లవ్స్, మాస్కు వేసుకుని తర్వాత ముట్టుకోవాలన్న పాఠం ఎక్కడైనా పాఠమే.

మన దేశంలో భయపడాల్సింది గ్లాండర్స్‌కు. 2006లో మహారాష్ట్రలో మళ్లీ తలెత్తి, తర్వాత ఇతర రాష్ట్రాల్లోనూ కనిపించింది. ముక్కులోంచి చిక్కటి చీమిడి, చర్మం మీద గడ్డలు వరసగా లేచి పగలడం దీని గుర్తులు. మనిషికి అంటితే ప్రాణం మీదికి వస్తుంది. పశువుల అంటువ్యాధుల నివారణకు 2009లో చేసిన చట్టం కింద దీన్ని తప్పనిసరిగా అధికారులకు తెలపాలి. రక్తపరీక్షలో తేలితే ఆ గుర్రాన్ని నొప్పి లేకుండా చంపేస్తారు, యజమానికి పరిహారం ఇస్తారు. చంపేస్తారన్న భయంతోనే కొందరు దాచిపెట్టి రాత్రికి రాత్రి గుర్రాన్ని ఊరు దాటిస్తారు. తిండి పెట్టే గుర్రాన్ని పోగొట్టుకోవడం ఎంత కష్టమో అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ గుర్రంతోపాటు రోగం కూడా ఊరు దాటుతుంది. కొత్త ఊళ్లో అది మొదట ఆగేది ఏదో ఒక ఆసుపత్రి ముందే.

సాల్మొనెల్లా కూడా మనుషులకు సోకుతుంది. గుర్రపుశాల పక్కనే వంట, పిల్లల ఆట ఉండే ఇళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దీనికి ఎదురు దారి కూడా ఉంది. మందులకు లొంగని స్టెఫైలోకాకస్ క్రిమి మనిషి ముక్కులోంచి, చేతిలోంచి గుర్రం గాయానికి చేరుతుంది. తర్వాత గుర్రం నుంచి మరో మనిషికి. ఎవరు ఎవరికి అంటించారో తేల్చడం తర్వాతి మాట. మధ్యలో ఉన్నది కడగని చెయ్యి.

సైసే వార్డుబాయ్

పుస్తకాల్లో రాసిన నియమాలన్నీ నర్సులు, జీతగాళ్లు ఉన్న ఆసుపత్రులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన దగ్గర వేరు. గుర్రంతోపాటు సైసు కూడా ఆసుపత్రిలోనే మకాం వేస్తాడు. మేత, నీళ్లు, లద్దె ఎత్తడం, మాలీసు, సెలైను సీసా పట్టుకోవడం అన్నీ అతనే. రాత్రిపూట గుర్రం పక్కనే పడుకుంటాడు. పొద్దుపోక పక్క గుర్రం సైసుతో కబుర్లు చెప్తాడు, దాని నుదురు నిమురుతాడు, కాస్త గడ్డి తక్కువైతే అక్కణ్నుంచి తెచ్చుకుంటాడు. పాపం మంచితనమే అది. కానీ డాక్టరు రోజుకు రెండుసార్లు గుర్రాన్ని ముట్టుకుంటే సైసు రెండొందలసార్లు ముట్టుకుంటాడు. డాక్టరు ఎంత చేతులు కడుక్కున్నా సైసుకు సంగతి తెలియకపోతే అంతా వృథా.

అందుకే చేర్చుకున్న రోజే సైసును కూర్చోబెట్టి పది నిమిషాలు చెప్పడం ఆసుపత్రి పనిలో భాగం కావాలి. చెప్పాల్సినవి కూడా ఎక్కువేం కాదు. నీ గుర్రం తప్ప మరో గుర్రాన్ని ముట్టుకోవద్దు. బక్కెట్టు, దువ్వెన, దాణా సంచి, కళ్లెం, థర్మామీటరు నీవి నీకే, ఇవ్వొద్దు, తీసుకోవద్దు. గొట్టంతో నీళ్లు పట్టేటప్పుడు గొట్టం కొస బక్కెట్టులోని నీళ్లలో మునగకూడదు. మునిగితే ఒక బక్కెట్టులోది ఇంకో బక్కెట్టులోకి చేరుతుంది. లద్దె ఎత్తాక సబ్బుతో చేతులు కడుక్కునే గడ్డి ముట్టుకో. గుర్రం దగ్గర కూర్చుని తినడం, బీడీ కాల్చడం వద్దు. ఆసుపత్రిలో వాడిన బట్టలు, చెప్పులతో ఇంట్లోని గుర్రాల దగ్గరికి పోవద్దు.

ఆసుపత్రి వైపు నుంచి చెయ్యాల్సింది గుర్రాలను విడదీయడం. లాడం కొట్టించుకోవడానికో కుంటి చూపించుకోవడానికో వచ్చిన ఆరోగ్యమైన గుర్రాలు ఒకపక్క, కడుపునొప్పి, ఆపరేషను కేసులు మరోపక్క, పారుడు, ముక్కు కారేవి అందరికీ దూరంగా. కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఒక లెక్క పాటిస్తారు. జ్వరం, పారుడు, రక్తంలో తెల్లకణాలు తగ్గడం, ఈ మూడింటిలో రెండు కనిపిస్తే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా గుర్రాన్ని విడి గదికి మారుస్తారు. ఎందుకంటే సాల్మొనెల్లా ఒక్క పరీక్షలో చిక్కదు. అది లద్దెలో రోజూ ఒకేలా రాదు. వరసగా నాలుగైదు నమూనాలు చూస్తే గానీ లేదని చెప్పలేరు. విడి గది లేని చోట చివరి గుంజ అయినా ఫరవాలేదు, దాన్ని చూసేది ఆఖరున కావాలి. డాక్టరు రౌండ్లైనా, దాణా పెట్టడమైనా ఆరోగ్యమైనవాటితో మొదలుపెట్టి రోగివాటితో ముగించాలి.

ముందు కడుగు, తర్వాత మందు

ఫినాయిల్ వాసన వస్తే చాలు, శుభ్రంగా ఉన్నట్టే అని మనకో లెక్క. లద్దె మీద బ్లీచింగ్ పౌడరు చల్లి చేతులు దులుపుకునేవాళ్లూ ఉన్నారు. ఆ పౌడరు శక్తంతా లద్దెతోనే సరిపోతుంది, కింద ఉన్న క్రిమి దాకా వెళ్లదు. మొదట చెత్తంతా ఎత్తాలి. తర్వాత సబ్బు నీళ్లతో బ్రష్షు పెట్టి రుద్దాలి. కడిగి ఆరనివ్వాలి. అప్పుడు మందు కొట్టి, దాని డబ్బా మీద రాసినంత సేపు తడిగా ఉంచాలి. ఈ వరసలో మొదటి రెండూ ఎగ్గొడితే మూడోది దండగ. గుమ్మం దగ్గర పెట్టే మందునీళ్ల పళ్లెం సంగతీ అంతే, బురద బూట్లు నాలుగు పడ్డాక అది ఉట్టి బురద నీళ్లు. జోరుగా నీళ్లు చిమ్మే పైపుతో కడగడం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ తుంపరతో క్రిములు గోడల దాకా, పక్క గుర్రం దాకా ఎగురుతాయి.

మట్టి నేలను ఏ మందూ పూర్తిగా శుద్ధి చెయ్యలేదు. పగుళ్లిచ్చిన చెక్కా అంతే. రోగి గుర్రాన్ని కట్టేసే చోటు నున్నటి సిమెంటుతో, నీళ్లు నిలవకుండా వాలుగా ఉండాలి. జేబులో పెట్టుకునే స్పిరిట్ జెల్ మంచిదే, కానీ మురికి చేతి మీద పనిచెయ్యదు. పారుడు తెచ్చే క్లాస్ట్రీడియం లాంటి క్రిముల గుడ్లను అసలే చంపదు. వాటిని సబ్బు, పారే నీళ్లతో కడిగి వదిలించుకోవాల్సిందే.

ఎర్ర బక్కెట్టుకు భాష అక్కర్లేదు

గుర్రాన్ని కన్నడంలో కుదురె అంటారు, తమిళంలో కుదిరై. సరిహద్దు సైసుకు మూడు మాటలూ వచ్చు. చదవడం దగ్గరే చిక్కు. కర్ణాటకలో బోర్డు కన్నడంలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది, చెన్నైలో తమిళంలో. ఇళ్లల్లో తెలుగు మాట్లాడే చాలామందికి ఆ లిపి రాదు. కొందరికి ఏ లిపీ రాదు. లోపలికి రాకూడదు అని రాసిన బోర్డు కిందే నిద్రపోయే సైసును తప్పుపట్టి ఏం లాభం? దీనికి తేలికైన ఉపాయం రంగులు. అంటురోగం ఉన్న వరసకు ఎర్ర బక్కెట్టు, ఎర్ర పార, ఎర్ర తాడు. మామూలు వరసకు ఆకుపచ్చ. ఎర్ర వస్తువు ఆకుపచ్చ వైపు కనిపిస్తే తప్పు జరిగినట్టే. అది చెప్పడానికి ఏ భాషా అక్కర్లేదు. రెండు డబ్బాల పెయింటు ఖర్చు.

యజమానులు కూడా మొహమాటం వదిలి అడగాలి. పక్క గుర్రం దేనికి వచ్చింది? ఈ సూది కొత్తదేనా? ముక్కు గొట్టం కడిగారా? మందు సీసాలోంచి తీసేటప్పుడు వాడిన సూదే గుచ్చుతున్నారా? మంచి డాక్టరుకు ఈ ప్రశ్నలకు కోపం రాదు. అలాగే మన వైపు నుంచి దాచకూడనివి దాచొద్దు. ఇంట్లో మరో గుర్రం దగ్గుతోందని, మొన్న సంతలో కొన్నామని, రెండు సూదులు పొడిపించామని గేటు దగ్గరే చెప్పాలి. గుర్రాన్ని లారీలోంచి దించక ముందే చెప్పడం ఇంకా మేలు. అప్పుడే ఎక్కడ కట్టాలో వాళ్లు నిర్ణయించగలరు. నయమైన వెంటనే ఇంటికి తెచ్చుకోవడం కూడా ఒక జాగ్రత్తే. అవసరం లేని ప్రతి రోజూ ఆసుపత్రిలో ఒక రోజు ముప్పే.

ఇంటికొచ్చాక రెండు మూడు వారాలు ఆ గుర్రాన్ని మిగతావాటితో కలపకూడదు. స్థలం లేదంటారు చాలామంది, నిజమే. రెండు గుర్రాలున్న ఇంట్లో విడి శాల ఎక్కడి నుంచి వస్తుంది? పెరట్లో మరో మూల గుంజ పాతి కట్టినా చాలా వరకు నయం. దాని బక్కెట్టు దానిది, దాని దాణా ఆఖరున. రోజూ రెండుసార్లు జ్వరం చూసి నోటుబుక్కులో రాయాలి. ముక్కు కారినా, పారుడు కనిపించినా, 101.5 దాటినా ఆసుపత్రికి ఫోను చెయ్యాలి. అక్కడ దాని పక్కన ఉన్న గుర్రాల యజమానులకూ అది పనికొచ్చే కబురే. ఈ రెండు మూడు వారాలు పెళ్లి బేరాలు ఒప్పుకోకూడదు. సీజనులో ఇది గట్టి దెబ్బే. కానీ ఊరేగింపులో నాలుగు గుర్రాలు పక్కపక్కనే నడుస్తాయి, ఒకే తొట్టిలో నీళ్లు తాగుతాయి. ఒక్కదానికి వచ్చింది నాలుగిళ్లకు వెళ్తే ఆ సీజనంతా పోతుంది.

లారీని మాత్రం చాలామంది మరిచిపోతారు. మీ గుర్రాన్ని దించాక అది మరో గుర్రాన్ని ఎక్కించుకుంటుంది. మీకంటే ముందూ ఎవరిదో ఎక్కించుకునే వచ్చింది. అడుగున లద్దె, తడి గడ్డి అలాగే ఉంటాయి. గడ్డి తీసి, కడిగి, ఆరిన లారీలోనే గుర్రాన్ని ఎక్కించాలి. కిరాయి మాట్లాడేటప్పుడే ఆ కడిగే డబ్బులు ఎవరివో కూడా మాట్లాడుకోవాలి.